అల్జీరా చెప్పిందంటే

ఆ ఏడు ఆగస్టులో మా తమ్ముడు కొండ గెలిచాడు. సెప్టెంబరులో పరువు పోగొట్టుకున్నాడు. అక్టోబరులో నేను ఒక మాట చెప్పి వాడి జీతం వాడికి ఇప్పించాను. మొదటి రెండూ పేపర్లో వచ్చాయి. మూడోది పేపరుకెక్కలేదు, మా వీధిలో కూడా ఎవరికీ తెలియదు. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, ఇన్నాళ్ళూ మింగి కూర్చున్నాక ఇంకా దాచుకోవడం కూడా చేతకావడం లేదు.

మా ఊళ్ళో బిరడాల ఫ్యాక్టరీ తప్ప వేరే బతుకుతెరువు లేదు. దేశం దక్షిణాన ఉన్న అడవుల నుంచి లారీల్లో చెట్టు బెరడు వస్తుంది. దాన్ని ఉడకబెడతారు, కోస్తారు, వైను సీసాలకు బిరడాలు తీస్తారు. చివరికి అవి మా ముందుకు వస్తాయి. తొమ్మిదిమంది ఆడవాళ్ళం పొడుగాటి బల్ల దగ్గర కూర్చుని ఏరుతాం. మొదటి రకం, రెండో రకం, పనికిరానిది. మిషన్లు వచ్చాయి, కానీ ఖరీదైన వైనుకు వెళ్ళేవాటిని ఇంకా మనిషి కళ్ళే చూడాలి. నేను ఆ బల్ల దగ్గర చేరి అప్పటికి ఇరవై రెండేళ్ళు.

ఫ్రాన్సు నుంచి కొనేవాళ్ళు వచ్చి ఇది మొదటి రకం కాదని పేచీ పెడితే, యజమాని కింటీను గారు వాళ్ళతో వాదించేవారు కాదు. ఆ బిరడా తెచ్చి నా ముందు పెట్టేవారు. నేను వేళ్ళ మధ్య తిప్పి, వాసన చూసి, తోచింది చెప్పేదాన్ని. ఒక్కోసారి ఆయనకే నష్టం వచ్చేలా చెప్పేదాన్ని. "అల్జీరా చెప్పిందంటే అంతే," అని ఆయన లేచి వెళ్ళిపోయేవారు. ఆ మాట మాలో సామెతలా అయిపోయింది. క్యాంటీన్లో చారులో ఉప్పు ఎక్కువైందన్నా, కొత్తగా వచ్చిన ఫాదరు అందగాడా కాదా అన్నా, "అల్జీరాని అడగండే" అని వేళాకోళం చేసేవాళ్ళు. నాకు లోపల గర్వంగానే ఉండేది.

కింటీను గారికి సైకిళ్ళ పిచ్చి. చిన్నప్పుడు సైకిలు మీద ఇంటింటికీ రొట్టెలు వేసిన మనిషి. డబ్బు వచ్చాక, ఫ్యాక్టరీ పేరు మీద ఎనిమిదిమంది కుర్రాళ్ళతో పందాల జట్టు పెట్టారు. అందులో మా టెల్మో ఒకడు. ఆ ఫిబ్రవరిలో వాడికి మూడేళ్ళ ఒప్పందం రాసిచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళవాడికి, చెప్పుకోదగ్గ గెలుపు ఒక్కటీ లేనివాడికి, మూడేళ్ళు ఎవరిస్తారు? ఆయన ఇచ్చారు. ఆ కాగితం చూసే బ్యాంకువాళ్ళు అప్పిచ్చారు, వాడు మా ఇంటి మీద పైఅంతస్తు మొదలెట్టాడు. తాకట్టు పెట్టింది అమ్మ పేరున ఉన్న ఇల్లు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం వాడు చిన్న పెట్టె పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, ఇవి ఫ్రిజ్‌లో పెట్టాలి. అమ్మ కంట పడకూడదు."

"ఏంటవి?"

"విటమిన్లు."

"విటమిన్లయితే అమ్మ చూస్తే ఏం?"

"అమ్మ సంగతి నీకు తెలీదా? డాక్టర్ని అడుగుద్ది, ఫాదర్ని అడుగుద్ది, చివరికి చేపల బండివాణ్ణి కూడా అడుగుద్ది."

నవ్వాను. నవ్వి ఊరుకోవడమే నా మొదటి తప్పు. పెట్టెలో చిన్న చిన్న గాజు సీసాలు, రబ్బరు మూతలతో ఉన్నాయి. ఒకటి తీసి దీపం కింద పెట్టి చూశాను. పేరున్న కాగితం గోకేసి ఉంది. మంచీ చెడూ ఏరి ఏరి కళ్ళు పోగొట్టుకుంటున్నదాన్ని, పేరు గోకేసిన సీసాలో విటమిన్లు ఉండవని నాకు తెలియదా? తెలుసు. వాడూ నా మొహం చూశాడు, నాకు తెలిసిందని వాడికీ తెలిసింది. అమ్మకి షుగరు, తీపి జోలికి పోదు. మా ఫ్రిజ్‌లో అమ్మ ముట్టని వస్తువు ఒక్కటే, పళ్ళు ఉడికించి గట్టిగా కాచే తీపి పెట్టుకునే రేకు డబ్బా. అది ఖాళీగా ఉంది. సీసాలు అందులో సర్ది మూత పెట్టాను. ఆ డబ్బా వాడు వెతకలేదు, నేనే వెతికి ఇచ్చాను.

ఆగస్టులో దేశమంతా చుట్టే పెద్ద పందెం. గ్రాసా మాత కొండ ఎక్కే రోజున కింటీను గారు మధ్యాహ్నం నుంచి మిషన్లు ఆపించి క్యాంటీన్లో టీవీ పెట్టించారు. ఎనిమిది కిలోమీటర్లు నిట్టనిలువు దారి. చివరి మూడు కిలోమీటర్లు మా టెల్మో ఒక్కడే ముందున్నాడు. వాడి ఛాతీ మీద మా ఫ్యాక్టరీ పేరు టీవీ నిండా కనబడుతోంది. నా పక్కన కూర్చునే లుర్దిష్, నోటి దురుసుకి పెట్టింది పేరు, నా మెడ పట్టుకుని ఊపేసింది. "చూడవే మీవాణ్ణి, ఇస్త్రీ చొక్కా నలక్కుండా ఎక్కుతున్నాడు!" అని అరిచింది.

నిజంగానే నలగలేదు. వెనక వస్తున్నవాళ్ళంతా నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నారు. వాడు నోరు మూసుకుని, ఆదివారం ప్రార్థనకి వెళ్తున్నవాడిలా తొక్కుతున్నాడు. చిన్నప్పుడు మా వీధి చివర ఎత్తు ఎక్కితేనే వాడికి నాలుక బయటికి వచ్చేది. నేను కూడా అందరితో లేచి చప్పట్లు కొట్టాను. కింటీను గారు మాత్రం మూల కుర్చీలో టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.

ఆ పందెం మొదలవడానికి రెండ్రోజుల ముందే ఒక సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. ఒక చేతిలో కాల్చిన మేకపిల్ల మాంసం పళ్ళెం, ఇంకో చేతిలో వైను సీసా. అమ్మ కొత్త గుడ్డ తెచ్చి బల్ల మీద పరుస్తోంది. నేను వంటింట్లో ఉన్నాను. ఆయన సీసా చల్లబెడదామని తనే ఫ్రిజ్ తలుపు తీశారు.

"ఓహో, ఇంట్లో కాచిందేనా? జున్నుతో తింటే దీన్ని మించింది లేదు," అంటూ రేకు డబ్బా చేతిలోకి తీసుకున్నారు.

"అది పాడైపోయింది సార్, పారెయ్యాలి," అని ఆయన చేతిలోంచి లాక్కున్నాను. లాక్కోవడమే. ఆయన బొటనవేలు మూత మీద ఉంది, అంతకంటే ఏమీ కాలేదు. "అయ్యో, మంచి తీపి పాడు చేసుకున్నారే," అని నవ్వి సీసా లోపల పెట్టి ముందుగదిలోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి భోజనాలయ్యాక ఈ సంగతి టెల్మోకి చెప్పాను. ఇద్దరం పైన ఇంకా కప్పు వెయ్యని గోడల మధ్య నిలబడి, నోళ్ళు మూసుకుని, కడుపులు నొప్పెట్టేలా నవ్వుకున్నాం.

పందెం ముగిశాక వచ్చిన ఆదివారం అమ్మ మొక్కు తీర్చుకుంది. కొడుకు కొండ గెలిస్తే, అదే కొండ మీది గ్రాసా మాత గుడి చుట్టూ మోకాళ్ళ మీద మూడుసార్లు నడుస్తానని మొక్కుకుందట, ఎవరికీ చెప్పలేదు. అమ్మ కూడా ఆ ఏరే బల్ల దగ్గర నలభై ఏళ్ళు కూర్చున్న మనిషే. మోకాళ్ళు ఏనాడో అరిగిపోయాయి. గుడి దగ్గర మోకాళ్ళకి కట్టుకునే స్పాంజి ముక్కలు అమ్ముతున్నారు. నేను ఒక జత కొనబోయాను.

"స్పాంజి మీద నడిస్తే మొక్కు స్పాంజిది అవుద్ది, నాది కాదు," అంది అమ్మ.

ఒక చేత్తో నన్ను పట్టుకుంది, ఇంకో చేత్తో అంగట్లో కొన్న మైనపు కాలు గుండెకి ఆనించుకుంది. అది టెల్మో కాలన్నమాట, మాతకి ఇవ్వడానికి. గులకరాళ్ళ నేల. రెండో చుట్టులోనే మేజోళ్ళు చిరిగి నెత్తురు కనబడింది. టెల్మో గుమ్మం దగ్గర నిలబడి ఎవరెవరితోనో ఫొటోలు దిగుతున్నాడు. వాడు మావైపు చూడటం లేదు.

"చాలమ్మా. మాతకి నీ వయసు తెలుసులే," అన్నాను.

"నోర్ముయ్యవే. వాడు అంత కష్టపడి తొక్కాడు. నేను ఈ మాత్రం కష్టపడొద్దూ?"

మూడో చుట్టు కూడా పూర్తి చేసింది. నేను పక్కనే నడిచాను, నిలబడి, చెప్పులేసుకుని. అప్పుడు చెప్పేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఒక చుట్టయినా తగ్గేది.

మంగళవారం ఉత్తరం వచ్చింది. కొండ గెలిచిన రోజున పట్టుకెళ్ళిన మూత్రంలో మందు దొరికిందట. టెల్మో చదివి, మడిచి, జేబులో పెట్టుకుని పైకి వెళ్ళిపోయాడు. రాత్రికి టీవీలో వచ్చింది. అమ్మ సగం విని టీవీ కట్టేసింది.

"ఎవడో పెట్టాడు," అంది. "ఆ జట్టులో ఎవడో నా బిడ్డకి తెలీకుండా పెట్టాడు. వాడి చేతులు పడిపోను."

టెల్మో కాదనలేదు. నేనూ కాదనలేదు. ఆ రోజు నుంచి అమ్మ రోజూ జపమాల తిప్పుతూ, మధ్యలో ఆపి, ఆ ఎవడికో శాపనార్థాలు పెట్టి, మళ్ళీ జపం అందుకునేది.

వాడి గెలుపు కొట్టేశారు, నాలుగేళ్ళు పందాల్లోకి రావద్దన్నారు. ఒప్పందంలో ఒక వాక్యం ఉంది, మందు వాడి పట్టుబడితే ఆ రోజు నుంచి జీతం ఆగిపోతుందని. కింటీను గారు ఆపేశారు. అరవలేదు, పేపరువాళ్ళతో ఒక్క మాట అనలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి, అందరూ వినేలా, "అల్జీరా, దీనికీ నీకూ సంబంధం లేదు. తలెత్తుకుని పని చేసుకో," అన్నారు. నేను తలెత్తలేదు. ఎత్తితే మొహంలో కనబడుతుందని భయం.

బల్ల దగ్గర రోజూ అదే గొడవ.

"నేను పోయినేడు జ్వరమొచ్చి రెండ్రోజులు రాకపోతే జీతం కోసేశారు," అంది లుర్దిష్. "వీడు ఒంట్లో దొంగమందు ఎక్కించుకుంటే కూర్చోబెట్టి మూడేళ్ళు ఇవ్వాలంటనా?"

"ఎక్కించుకున్నా తొక్కింది వాడి కాళ్ళే కదే," అంది ఎదురుగా కూర్చునే ఫిలొమేన. "మందు దానంతటది కొండెక్కిందా?"

"దొంగనోట్లు అచ్చేసేవాడు కూడా చేత్తోనే అచ్చేస్తాడు. వాడికీ కూలివ్వు మరి."

"అది వేరు. టీవీలో మూడు గంటలు మన ఫ్యాక్టరీ పేరు కనబడిందా లేదా? ఆ వారం ఆర్డర్లు వచ్చాయా లేదా? అవి వెనక్కిచ్చేస్తామా?"

"ఇచ్చేదేముంది, వాళ్ళే వెనక్కి తీసుకుంటున్నారు. మొన్న ఒకడు ఫోన్ చేసి, మీ బిరడాలక్కూడా సూదులేస్తారా అని అడిగాడంట."

అందరూ నవ్వారు. ఎవరో అలవాటు కొద్దీ, "అల్జీరాని అడగండే," అన్నారు. అన్నాక నాలుక కరుచుకున్నారు.

"నాకు తెలీదు," అన్నాను. ఆ బల్ల దగ్గర నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.

అక్టోబరు మొదట్లో బ్యాంకు నుంచి మనిషి వచ్చి ఇంటి గోడలు, మెట్లు, సగం లేచిన పైఅంతస్తు అన్నీ చూసి రాసుకుపోయాడు. అమ్మ అతను కరెంటువాడనుకుని కాఫీ ఇచ్చింది. ఆ సాయంత్రం టెల్మో వంటింట్లో నా ఎదురుగా కూర్చున్నాడు.

"పోర్తో పట్నంలో వకీలుని కలిశానక్కా. కోర్టుకెక్కేలోపు ఒకసారి రాజీకి కూర్చోబెడతారంట. జట్టు యజమానికి ముందే తెలిసుంటే, తెలిసి తొక్కనిస్తే, జీతం ఆపే హక్కు ఆయనకి లేదంట."

"ఆయనకి తెలుసా?"

"తెలీదు. జట్టులో ఎవడికీ తెలీదు. స్పెయిన్‌లో ఒకడి దగ్గర నేనే కొనుక్కున్నా."

"మరి?"

వాడు ఫ్రిజ్ వైపు చూశాడు. నాకు అర్థమైంది.

"ఆయన మంచాడురా టెల్మో."

"కాదన్నానా? మంచాడే. ఆయనకి ఫ్యాక్టరీ ఉంది, ఇద్దరు కూతుళ్ళున్నారు, సముద్రం దగ్గర ఇల్లుంది. మనకేముంది? కొండ మీద ఆయన పేరు మోసింది నేను. గుండె ఆగితే నాదే ఆగేది, ఆయనది కాదు. నేను ఊరికే అడుగుతున్నానా?" వాడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు. డబ్బా పట్టుకున్నాడా? పట్టుకున్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పు. మిగతాది వకీలు చూసుకుంటాడు."

పక్క గదిలో అమ్మ జపం వినిపిస్తోంది. ఆమె పడుకునే మంచం కింద నేల కూడా బ్యాంకువాడు కొలిచి రాసుకుపోయాడు. నేను సరే అన్నాను.

రాజీ కుదిర్చే పెద్ద వకీలు ఆఫీసులో కూర్చున్నాం. పొడుగాటి బల్లకి ఒకవైపు టెల్మో, నేను, మా వకీలు. ఇంకోవైపు కింటీను గారు, ఆయన వకీలు. ఆయన నన్ను చూసి, "బస్సులో వచ్చావా? చెప్పి ఉంటే కారు పంపేవాణ్ణి," అన్నారు. నేను ఏం చెప్పడానికి వచ్చానో ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మా వకీలు అడిగాడు. "సీసాలు ఎక్కడ దాచారు?"

"ఫ్రిజ్‌లో. తీపి పెట్టుకునే రేకు డబ్బాలో."

"ఆగస్టులో, పందేనికి ముందు, కింటీను గారు మీ ఇంటికి వచ్చారా?"

"వచ్చారు."

"ఆ డబ్బా ఆయన చూశారా?"

"చేతిలోకి తీసుకున్నారు."

కింటీను గారు కనుబొమలు ముడిచారు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. ఆయన వకీలు ముందుకు వంగాడు. "తీసుకుంటే? తెరిచారా?"

అక్కడ ఆగిపోవాలి నేను. తమ్ముడు అడిగింది అంతవరకే. వకీలు నేర్పింది అంతవరకే. తెరవలేదు అన్నా, నేను చూడలేదు అన్నా సరిపోయేది. కానీ ఆ వకీలు నన్ను చూసే చూపులో, ఈమె మాటకి విలువేముంది అన్నట్టు ఒకటి కనబడింది. ఇంటి మీద దిగులు ఒకవైపు, ఆ పౌరుషం ఒకవైపు.

"నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నాను," అన్నాను. "మూత తీసిన చప్పుడు వినిపించింది. మళ్ళీ పెట్టిన చప్పుడు కూడా."

ఆ చప్పుళ్ళు రెండూ నేనే చేశాను, ఆ బల్ల దగ్గర కూర్చుని, నా నోటితో.

టెల్మో తల వంచుకున్నాడు. కింటీను గారు నన్నే చూస్తున్నారు. కోపం లేదు. బిరడా మొదటి రకం కాదని నేను తేల్చాక దాని వైపు చూస్తారే, అలా చూశారు, ఇందులో నాకెందుకు కనబడలేదా అన్నట్టు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలారు.

"అల్జీరా చెప్పిందంటే అంతే," అన్నారు.

"సార్, మీరు మాట్లాడకండి," అన్నాడు ఆయన వకీలు కంగారుగా. "ఆవిడ కుర్రాడి అక్క."

"ఇరవై రెండేళ్ళుగా నాకు నష్టం వచ్చినా ఉన్నదే చెప్పిన మనిషి. ఇవాళ కొత్తగా అబద్ధం చెబుతుందా? నేను చూసే ఉంటాను. చూసి మర్చిపోయాను. డెబ్బై నాలుగొచ్చాయి, మొన్న కారు తాళాలు కార్లోనే పెట్టి తలుపేశాను." పెద్ద వకీలు వైపు తిరిగారు. "రాయండి. కుర్రాడి జీతం ఆపొద్దు. మూడేళ్ళూ ఇవ్వండి."

పావుగంటలో అయిపోయింది. బయటికి వచ్చాక టెల్మో నన్ను కావలించుకున్నాడు. "మూత చప్పుడు సంగతి నాకు చెప్పనే లేదేంటక్కా?" అన్నాడు. వాడు కూడా నమ్మాడు. వాడికీ నిజం చెప్పలేదు.

ఆ వారంలోనే జట్టు ఎత్తేశారు. మిగతా ఏడుగురు కుర్రాళ్ళూ ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. కొండ మీద టెల్మోకి చివరిదాకా నీళ్ళందించిన ఆబెల్, సామాను లారీలో పనికి కుదిరాడు. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను చూసి, "మీవాడికి తొక్కకపోయినా జీతం, మాకు తొక్కుతామన్నా లేదు. అదృష్టమంటే అదేనమ్మా," అని నవ్వాడు. వాణ్ణి తిట్టడానికి నా దగ్గర ఏముంది?

కింటీను గారు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని తిరగడం మొదలెట్టారు. ఎవరితో ఏం మాట్లాడారో, తలుపు వేశారో లేదో, అన్నీ రాసుకునేవారు. పెద్దకూతురు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఏమీ లేదన్నాడట. ఆయన నమ్మలేదు. తాళాల గుత్తి అల్లుడికి ఇచ్చేశారు. ఒకరోజు నా బల్ల దగ్గర ఆగి, "అల్జీరా, పొద్దున్న నీకు నమస్కారం చెప్పానా?" అని అడిగారు. చెప్పారని చెప్పాను. పుస్తకంలో రాసుకున్నారు. నాకు ఆ బల్ల కిందికి దూరిపోవాలనిపించింది. ఇప్పుడైనా చెప్పు అని రోజూ అనుకునేదాన్ని. రోజూ పైఅంతస్తు కప్పు మీద సుత్తి దెబ్బలు వింటూ ఇంటికి చేరేదాన్ని.

నవంబరు ఒకటి, పునీతులందరి పండగ. ఆ పొద్దున ఊరు ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుంది. నాన్న సమాధి పలకని అమ్మ బ్రష్షుతో తోముతోంది. మోకాళ్ళు ఇంకా మానలేదు, అందుకని కుర్చీ వేసుకుని వంగి తోముతోంది. నేను చామంతి కుండీలు సర్దుతున్నాను. టెల్మో కొళాయి దగ్గర బాల్చీలో నీళ్ళు పడుతున్నాడు.

కింటీను గారు తన వాళ్ళ సమాధి దగ్గర్నుంచి మా వైపు వచ్చారు. టోపీ చేతిలో ఉంది. పలకరించడానికి వచ్చారనుకున్నాను.

"ఎర్మీనియా గారూ," అన్నారు అమ్మతో. "మీతో ఒక మాట చెప్పాలి. ఇక్కడే చెబుతాను, మీ ఆయన కూడా వింటాడు."

అమ్మ బ్రష్షు ఆపింది. చుట్టుపక్కల సమాధుల దగ్గరివాళ్ళు కూడా తలలు తిప్పారు.

"మీ అబ్బాయికి మందు ఎవడో పెట్టాడని మీరు తిట్టుకుంటున్నారని విన్నాను. ఆ ఎవడో నేనే అనుకోండి."

"అదేం మాట?"

"నేను తెచ్చివ్వలేదు. కానీ పందేనికి ముందే మందున్న డబ్బా తెరిచి చూశాను. చూసి మళ్ళీ మూత పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో రోజూ ఆలోచిస్తున్నాను, ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. గెలుపు మీద ఆశతోనే ఊరుకుని ఉంటాను. ఇంకేం ఉంటుంది? కుర్రాడి గుండె ఆగిపోయి ఉంటే?" ఆయన టోపీ అంచు వేళ్ళతో తిప్పుతున్నారు. "నాలో అలాంటివాడు ఒకడున్నాడని ఈ వయసులో తెలిసింది. జీతం ఇస్తున్నాను, అది పెద్ద సంగతి కాదు. మీరు క్షమించాలి."

టెల్మో మా వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. బాల్చీ నిండి నీళ్ళు వాడి బూట్ల మీద పొర్లుతున్నాయి. కొళాయి కట్టలేదు.

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. రెండు నెలలుగా తిట్టిన మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు కదా. తర్వాత చెయ్యి నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని ఆయన వైపు చాపింది.

"మా ఆయన పోయినప్పుడు శవపెట్టెకి భుజం పట్టింది మీరు," అంది. "పెట్టినవాడి చేతులు పడిపోవాలని మొక్కాను. ఆ మొక్కు వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించాను బాబూ. ఇంక దీని గురించి కుమలకండి."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ నా వైపు తిరిగింది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేమే? వాడు నీ తమ్ముడు కాదా? పెద్దాయన నోరు తెరిచి అడుగుతుంటే. నువ్వు కూడా చెప్పు."

ఆయన నా వైపు తిరిగారు. బిరడా నా ముందు పెట్టి నిలబడినట్టే, టోపీ పట్టుకుని, నేను ఏమంటే అదే అన్నట్టు నిలబడ్డారు. నా చేతుల్లో చామంతి కుండీ ఉంది. అది కింద పెట్టాను. ఆయన కళ్ళలోకి చూడలేక, చొక్కా గుండీల వైపు చూశాను.

"క్షమించాను సార్," అన్నాను.